పడక్క నోట్సు

పొద్దున్నే ఆరింటికి హాలు తాళం తీసేది ఆమే. కిటికీలు నాలుగూ తెరిచి, నిన్నటి చెమటవాసనని వీధిలోకి తోలేసి, తడిగుడ్డతో మ్యాట్లు తుడిచి, రెండు మ్యాట్ల మధ్య ఎవరి కాలివేలూ ఇరుక్కోకుండా అంచులు దగ్గరికి నెట్టేది. ఈలోగా కింద ప్రింటింగ్ ప్రెస్సు మొదలై నేల సన్నగా వణికేది. ఆ తర్వాత పావుగంటకి మాస్టారు వచ్చేవారు. మాస్టారంటే ఆమె మొగుడే. ఆయన జూడో పట్లు నేర్పేవారు. ఆమె పడేది.

పట్టు చూపించాలంటే ఎవరో ఒకర్ని కాలరు పట్టుకుని విసరాలి కదా. బయటివాణ్ణి విసిరితే నడుం పట్టేసిందని మర్నాడు రాడు. పెళ్ళానికి ఆ సదుపాయం లేదు. పదహారేళ్ళుగా, ఆదివారాలు పోనూ, రోజుకి నలభైసార్లు పడుతోంది. శిష్యులు మొదట్లో ‘పడే అక్క’ అనేవాళ్ళు. అది వాడగా వాడగా అరిగి ‘పడక్క’ అయింది. ఆమె ఆ పేరుకే పలికేది. ఇంకో పేరుతో పిలిచేవాళ్ళు ఎవరున్నారు గనక?

క్లాసయ్యాక మాస్టారు టీ తాగుతుంటే ఆమె గోడవార కూచుని నోట్సు రాసేది. పట్టు గుర్తుండాలంటే ఆ రోజే, చెమట ఆరకముందే రాసుకోవాలి. ముందు పట్టు పేరు. తర్వాత ఏ చెయ్యి ఎక్కడుంది, పాదాలు ఎటు తిరిగాయి, బరువు ఏ మడమ మీద ఉంది, ఊపిరి ఎప్పుడు వదలాలి. పాదాలకి బొమ్మలు కూడా వేసేది, కుడిది నల్లగా నింపి, ఎడమది ఖాళీగా ఉంచి. డెబ్భై ఒక్క పట్లు, నాలుగు వందల పేజీలు. అట్ట ఊడిపోతే గోనెసంచి దారంతో కుట్టింది.

ఆ పుస్తకం చదివి పడుకుంటే తెల్లారేసరికి చదివిందంతా ఒంటబట్టేది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. కొత్త శిష్యులకి మొదటి పది పేజీలు ఇచ్చి పంపేవాళ్ళు. అందులో ఉన్నది దెబ్బ తగలకుండా పడటమే. మర్నాటికి వాళ్ళు పిల్లుల్లా పడేవాళ్ళు. ఓ తాపీమేస్త్రి అరువడిగి తీసుకెళ్ళి చదువుకుని, ఆ వారమే రెండో అంతస్తు పరంజా మీంచి జారి, ఇసకకుప్ప మీద దొర్లి లేచి, “నా తాపీ ఎటు పడిందిరా?” అని అడిగాడు. పుస్తకం తొందరగా తిరిగివ్వమన్నవాళ్ళే గానీ ఇదేం చోద్యమన్నవాళ్ళు లేరు.

పదో పేజీ దాటి మాత్రం ఎవరూ చదవలేదు. మాస్టారు చదవనిచ్చేవారు కాదు.

“అసలు పట్లు నా చేతి మీదుగానే రావాలి. కాయితాలు చదివి మొనగాడైనవాడు ఎక్కడైనా ఉన్నాడా?” అనేవారు.

ఐదేళ్ళకోసారి సంఘం నుంచి పరీక్షకులు వచ్చి మాస్టారి పట్లు చూసి హాలుకి గుర్తింపు ఇచ్చేవాళ్ళు. అదే రోజు కావలసినవాళ్ళకి బెల్టు పరీక్ష కూడా పెట్టేవాళ్ళు. ఆమెకి ఆ బెల్టు కావాలి. అది ఉంటే సాయంత్రాలు ఆడవాళ్ళకి తనే క్లాసు చెప్పచ్చు. అడుగుతున్నవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. మందులషాపు అమ్మాయైతే కనపడ్డప్పుడల్లా మణికట్టు ముందుకు చాపి, “ఇలా పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలక్కా?” అనేది. ఎవరు పట్టుకుంటున్నారో చెప్పేది కాదు. ఆమె అడిగేదీ కాదు.

మొదటిసారి పరీక్షలప్పుడు ఆమె ఫారం పెట్టడం మాస్టారు మర్చిపోయారు. రెండోసారి, “పరాయి మగాళ్ళ ముందు నువ్వు దొర్లితే ఏం బావుంటుంది?” అన్నారు, రోజూ ఓ హాలెడు పరాయి మగాళ్ళ ముందు దొర్లే మనిషితో. మూడోసారి ఏ గాలి తిరిగిందో గానీ ఫారం మీద సంతకం పెట్టారు.

సంతకం పెట్టిన వారానికి ఆయనకి జ్వరం తగిలింది. పదకొండు రోజులు తలకెక్కి కూచుని, దిగుతూ దిగుతూ పట్లన్నీ ఊడ్చుకుపోయింది. కండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కోపం కూడా చెక్కుచెదరలేదు. కానీ ఆమె కాలరు పట్టుకుని నిలబడి, తర్వాతేంటన్నట్టు ఆమె మొహంలోకే చూసేవారు.

ఆ చూపు ముందు కనిపెట్టింది మరిది. వాడికి పన్నెండు పట్లొచ్చు, అవీ గట్టిగా లాగడమే.

“గుర్తింపు పోతే హాలు నాకు రావాలని నాన్న వీలునామాలో రాశాడు కదా వదినా. నేనేం అన్యాయం చెయ్యను. మూణ్ణెల్ల కోర్సు పెడతా. జనానికి పన్నెండు పట్లు చాలు.”

“ఆడవాళ్ళ క్లాసో?”

“ఆడవాళ్ళకి వ్యాయామమే కావాలంటే రోడ్డుంది కదా. నడవమను.”

ఆ రోజే ఆమె పుస్తకం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. “అన్ని పట్లూ ఇందులో ఉన్నాయి. చదవండి.”

“నా విద్యని నా పెళ్ళాం నోట్సులో చూసి నేర్చుకోవాలా? నలుగురూ నవ్విపోరూ?”

“పరీక్షరోజు నిలబడి నా మొహం చూస్తుంటే నవ్వరా?”

ఆయన మూడు వారాలు అలిగారు. పరీక్షకి ముందురోజు పొద్దున, కళ్ళజోడు తగిలించుకుని వంటింటి బల్ల దగ్గర కూచున్నారు. సాయంత్రం దాకా కదల్లేదు. ఆమె అన్నం అక్కడికే తెచ్చి పెట్టింది. అర్థంకాని చోట పక్కన నిలబడి చదివి వినిపించింది.

“ఇదేంటి, ‘ఎడమ మడమ తేలిపోతుంది’ అని రాశావు?”

“తేలిపోతుంది కదండీ.”

“అవునా? సరే అయితే,” అని ఆయన పేజీ తిప్పారు. జీవితంలో మొదటిసారి తను చెప్పింది చెప్పినట్టు ఆయన ఒప్పుకోవడం ఆమెకి ఎంత ఆనందమనిపించిందంటే, ఎవరి మడమ అన్న అనుమానమే రాలేదు.

మర్నాడు ముగ్గురు పరీక్షకులు గోడవార కుర్చీల్లో కూచున్నారు. మరిది తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఏడో పట్టు” అన్నాడు పెద్దాయన.

మాస్టారు ధీమాగా ముందుకొచ్చి ఆమె కాలరు పట్టుకున్నారు. అలవాటు ప్రకారం ఆమె కూడా ఆయన కాలరు పట్టుకుంది. అంతే, ఆయన ఎడమ మడమ తేలింది, భుజం గుండ్రంగా ఒంగింది, ఊపిరి సరిగ్గా వదలాల్సిన చోట వదిలి మ్యాటు మీద చప్పున చరిచి వెల్లకిలా పడ్డారు. అంత అందంగా ఆ హాల్లో ఆమె తప్ప ఎవరూ పడి ఉండరు.

పద్నాలుగో పట్టన్నారు, పడ్డారు. ముప్ఫయ్యోది అన్నారు, ఇంకా బాగా పడ్డారు.

మూడోసారికి ఆమెకి అర్థమైంది. పదహారేళ్ళూ తను రాసుకున్నది తన పాదాలు, తన బరువు, తన ఊపిరి. విసిరే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఆమెకెలా తెలుస్తుంది? ఆమెని ఎప్పుడైనా విసరనిచ్చారా? నాలుగు వందల పేజీల్లో విసిరేవాడు ఎక్కడా లేడు.

“అమ్మా, విసురుతున్నది మీరా?” పెద్దాయన అడిగాడు.

“నేను పట్టుకున్నానండీ, అంతే.”

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. పెద్దాయన ఆమె ఫారం పైకి తీశాడు. “మాస్టారి సంగతి తర్వాత చూద్దాం. ఆ ఏడో పట్టే ఇంకొకరి మీద వేసి చూపించండి. వేస్తే బెల్టు మీదే.”

“నన్ను విసురు వదినా,” అని మరిది నవ్వుతూ మ్యాటెక్కాడు.

ఆమె వాడి కాలరు పట్టుకుంది. పాదం ఎక్కడ పెట్టాలో తెలుసు. రోజూ మాస్టారి పాదం తన మడమ వెనకే ఉండేది కదా. పెట్టింది. ఎటు లాగాలో తెలుసు. లాగింది. మరిది మొహంలో నవ్వు పోయింది. వాడి మడమ నేల విడిచింది. ఒక్క క్షణం, ఆ మొత్తం బరువు ఆమె చేతుల్లో ఉంది.

ఆ లాగుడు ఆమె ఒంటికి తెలిసింది. పదహారేళ్ళుగా ఆ లాగుడు తెలిసిన మరుక్షణం ఆ ఒళ్ళు ఒకటే పని చేసింది, ఇప్పుడూ అదే చేసింది. చేతులు కాలరు వదిలేశాయి. భుజం ఒంగింది. మ్యాటు ధబ్బున మోగింది. వెల్లకిలా పడి చూస్తే పైన మరిది తూలి నిలదొక్కుకుంటున్నాడు.

“పడటం మాత్రం అద్భుతమమ్మా,” అన్నాడు పెద్దాయన, నిజంగానే బాధపడుతూ. “కానీ పడటానికి బెల్టు లేదు.” హాలు గుర్తింపు కాయితం మీదా, ఆమె ఫారం మీదా అడ్డంగా గీత గీశాడు.

సోమవారానికి మరిది బోర్డు మార్చాడు. ఆమె కిందికి దిగుతుంటే మందులషాపు అమ్మాయి ఎదురొచ్చి మొహం చూసింది. మణికట్టు చాపలేదు. చేతులు చున్నీలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

“మీరిద్దరూ ఎక్కడికి పోతారు వదినా? మామూలుగానే రండి,” అన్నాడు మరిది. “కోర్సుకి పడేవాళ్ళు కావాలి. అన్నయ్య కూడా ఇప్పుడు బాగా పడుతున్నాడు.”

మొదటి రోజు మరిది అన్నని పదిహేనుసార్లు విసిరాడు, వదినని ఇరవైసార్లు. మధ్యలో ఇద్దరూ పక్కపక్కనే వెల్లకిలా పడి ఉన్నప్పుడు మాస్టారు పైకప్పు చూస్తూ, రొప్పుతూ అడిగారు.

“రోజూ ఇంతేనా?”

“ఇంతే.”

“ఎప్పుడూ చెప్పలేదేం?”

“నాలుగు వందల పేజీలు రాశానండీ.”

మరిది చప్పట్లు కొట్టి పిలిచాడు. ఆయన లేవబోయి నడుం పట్టుకుని ఆగిపోయారు. అప్పటికే లేచిన ఆమె చెయ్యి అందించబోయి వెనక్కి తీసుకుంది. పట్టుకుంటే మళ్ళీ పడతారు.

“పక్కకి తిరిగి, మోచెయ్యి ఊతం పెట్టుకుని లేవండి,” అని ఆమె పక్కనే నిలబడింది.