నెత్తురు సాసేజి తిన్నారా?

స్తమెనా పదకొండో డబ్బా మూత తిప్పి, పుల్లతో చిటికెడంత మలం తీసి, కాగితపు చీటీ మీద పలుచగా రాసి, మళ్లీ మూత బిగించింది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఎప్పుడో మానేసింది. మొరావా నది ఒడ్డున ఉన్న ఈ చిన్న ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని ఇదే. ఊరివాళ్ల మలంలో కంటికి కనపడని నెత్తురు ఉందేమో చూడాలి. చీటీ మీద రెండు చుక్కలు మందు వేస్తే నిమిషంలో తేలిపోతుంది. కాగితం తెల్లగా ఉంటే బతుకు జీవుడా అనుకోవచ్చు. నీలం తిరిగిందా, నెత్తురు ఉన్నట్టే, పేగులో గడ్డ ఉందేమోనని భయపడాలి.

ఈ రోజు చీటీలు పన్నెండు. పన్నెండోదాని మీద పేరు లేదు. అది ఆమెదే. ఉదయం అందరికంటే ముందు వచ్చి రాసి పెట్టుకుంది.

పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు, మందు తగిలి పసుపెక్కిన గోళ్లు. లంగా నడుము ఈ శరదృతువులో రెండుసార్లు బిగించి కుట్టింది, అయినా పిన్నీసు పెట్టుకోవలసి వస్తోంది. కడుపులో ఎడమ పక్క మెలిపెట్టినప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడుతుంది.

మా వైపు చలికాలం పందులు కోస్తారు. పంది నెత్తురు పేగులో కూరి ఉడికించే నెత్తురు సాసేజి లేని ఇల్లు ఉండదు. అది తిన్నవాడి చీటీ కూడా నీలమే తిరుగుతుంది. అందుకే స్తమెనా కిటికీలోంచి ప్రతివాణ్ణీ ముందు ఆ ప్రశ్నే అడుగుతుంది. తిన్నానంటే, మూడు రోజులు మాంసం మానేసి మళ్లీ తెమ్మంటుంది. ఆ మాట జనానికి ఎంత ఇష్టమో! వణుకుతూ వచ్చినవాడు ఈల వేసుకుంటూ పోతాడు. వాళ్లలో సగం మంది మళ్లీ రారు.

కిందటి జనవరిలో స్తమెనా చీటీ కూడా నీలం తిరిగింది. చెల్లెలింట్లో తిన్నానుగా అనుకుని నవ్వుకుంది. మూడు రోజుల తర్వాత మళ్లీ చూసుకోవాలనుకుంది. ఆ మూడు రోజులు ఏడాది అయ్యాయి.

కిటికీ అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. రాదిసావ్. బండ్లు బాగుచేసే ముసలాయన, డెబ్బై ఆరేళ్లు.

"అమ్మాయ్, నాది తేలిందా?"

"తేలింది బాబాయ్. నీలం. నెత్తురు సాసేజి తిన్నావా?"

"తినకేం! శనివారమే పందిని కోశాం."

"క్రిస్మస్ ఉపవాసాల్లోనా? సిగ్గులేదూ?"

"ఉపవాసం నాకు గానీ పందికి లేదుగా!"

"చాల్లే సంబడం. మూడు రోజులు మానేసి మళ్లీ తే."

ముసలాయన టోపీ తీసి వంగి దండం పెట్టి, నవ్వుకుంటూ బస్సుకి బయలుదేరాడు.

ఇక మిగిలింది ఒక్కటే, తన చీటీ. సీసా వంచి రెండు చుక్కలు వేసి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. పది సెకన్లు. కాగితం తడి మాత్రమే. ఇరవై. దేవుడా, తెల్లగా ఉంచు, ఈ ఒక్కసారికి తెల్లగా ఉంచు. ముప్పై దగ్గర అంచున మసక మొదలైంది. నలభైకి నీలం. కళ్లు నులుముకుని చూసినా నీలమే.

ఏం తిన్నానా అని వెతుక్కుంది. క్రిస్మస్‌కి ముందు చేసే నలభై రోజుల ఉపవాసం మొదలై ఇరవై తొమ్మిది రోజులు. మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. నిన్న నీళ్లలో ఉడికించిన చిక్కుడు గింజలు, మొన్న ఆలుగడ్డలు. ఎంత వెతికినా, తప్పు మోపడానికి ఒక్క సాసేజి ముక్క దొరకలేదు.

అప్పుడు తట్టింది ఆమెకు. రాదిసావ్ కిందటేడు కూడా ఇదే జవాబు చెప్పాడు. ఈ ఏడాది దాకా మళ్లీ రాలేదు.

కోటు కూడా వేసుకోకుండా మంచులోకి పరిగెత్తింది. బస్సు తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయ్, దిగు!"

"ఏమైందే? చలికి చస్తావు!"

"మూడు రోజులు వద్దు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పద. పేగులోకి గొట్టం వేసి చూడమని చెప్పు."

"సాసేజి తిన్నానని చెప్పానుగా!"

"కిందటేడు కూడా అదే చెప్పావు. నేనూ అదే చెప్పుకున్నాను. దిగమంటున్నానా!"

ఆమె ముఖం చూసి ముసలాయన దిగాడు.

ఆయన్ని డాక్టరు గది ముందు కూర్చోబెట్టి తిరిగి వచ్చేసరికి, ల్యాబు డాక్టరు మిలుంకా పన్నెండో చీటీని వెలుగులో పెట్టి చూస్తోంది.

"అక్కా, ఇది ఎవరిది? పేరే లేదు. సాసేజి తిన్నారటా?"

అవునంటే సరిపోయేది. చీటీ చెత్తబుట్టలోకి పోయేది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను స్తమెనా మింగేసింది. మిలుంకా జేబులోంచి కలం లాక్కుని చీటీ మీద తన పేరు రాసింది.

"తినలేదమ్మా," అంది.

మరుసటి వారమే ఆమెను బెల్‌గ్రేడ్ తీసుకెళ్లారు. కడుపు కోసి చూసి మళ్లీ కుట్టేశారు. ఏడాది ముందు వచ్చి ఉంటే చెయ్యగలిగేవాళ్లమన్నారు. మార్చి మొదటి వారంలో పొద్దున్నే ఫోన్ వచ్చింది, స్తమెనా పోయిందని. మిలుంకా ఆ రోజు చీటీలన్నీ ఒక్కతే పూర్తి చేసి, అప్పుడు ఏడ్చింది.

రాదిసావ్ పేగులో గడ్డ చిన్నగా ఉండగానే తీసేశారు. ఫిబ్రవరిలో లేచి తిరగగానే ఆయన వచ్చి, స్తమెనా వచ్చాక ఇవ్వమని ఇంట్లో కాచిన ప్లం పండ్ల సారా సీసా తెచ్చి ఇచ్చిపోయాడు. దాని మూత తియ్యడానికి గానీ, ఆయనకు తిరిగి ఇవ్వడానికి గానీ మిలుంకాకు చెయ్యి రాలేదు. కిటికీ గట్టు మీద ఆ సీసా అలాగే ఉంది, మెడకు దారంతో కట్టిన కాగితం మీద రాదిసావ్ వంకర అక్షరాలతో: "స్తమెనాకి. ఇది పరీక్షకి కాదు, తాగడానికి."