మోచెయ్యి అరగదీసిన రంగు

ఆయుధపూజకు బండికి కొత్త రంగు కొట్టించాలని నాగలింగానికి ఎందుకు బుద్ధి పుట్టిందో గానీ, పుట్టింది మాత్రం అన్న మీది ప్రేమతోనే. మొగుడికి ప్రేమ ముంచుకొస్తే మతి పోతుందని కాంచన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. ఆ పొద్దున ఆమె వంటింట్లో బొరుగుల్లో బెల్లం కలుపుతుంటే వాకిట్లో గరగరమని చప్పుడు మొదలైంది. పెయింటర్ ఎలుమలై పాత జీపు మీది రంగు గీకేసేదానికి గరుకు ఉప్పుకాగితం పట్టిస్తున్నాడు.

అంతలో ఫోను మోగింది. బావగారు ఆదిమూలం కూతురు దేవసేన.

"పిన్నమ్మా, తిరుత్తణిలో రైలు దిగినాము. నాయన ఆటోలో కూర్చోని ఉండాడు. పూలు కొనాలని చెప్పి పక్కకొచ్చి మాట్లాడతా ఉండా. చిన్నాయన జీపును పాత ఇనుముకు అమ్మేసి, వేరే బండి తెచ్చి నిలబెట్టినాడని కడంబత్తూరు పెండ్లిలో ఎవురో చెప్పినారంట. 'ముట్టుకుంటే నాకు తెలిసిపోతుంది. నాది కాకపోతే వాని గడప తొక్కను' అంటా ఉండాడు."

చక్కెర జబ్బు కళ్ళు తినేశాక ఆదిమూలం తిరువళ్ళూరులో కూతురి ఇంటికి చేరాడు. పోతూ పోతూ తమ్ముడి చేతిలో తన జీపు తాళం పెట్టి, "అమ్మొద్దురా" అని ఒక్క మాట అన్నాడు. ఇంజన్ పనికని మొన్నామధ్య బండి చాన్నాళ్ళు షెడ్డులో పడి ఉంది. పుల్లలు పెట్టేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

ఆమె వాకిట్లోకి ఒక్క పరుగు తీసింది.

"ఆపు ఎలుమలై! చెయ్యి తియ్యి!"

"ఏమైంది నీకు?" నాగలింగం కసిరాడు. "అన్న వచ్చే పొద్దుకి బండి పెండ్లికొడుకు మాదిరి ఉండాల."

"ఆయన కండ్లతో చూస్తాడా? నువ్వు బండి అమ్మేసినావని ఎవురో చెప్పినారంట. చేత్తో తడిమి చూసేదానికి వస్తా ఉండాడు. గీకేసినావంటే ఇంక యాడ గుర్తుపడతాడు?"

నాగలింగం గబగబా బండి చుట్టూ తిరిగి చూశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. బానెట్, ఎడమ పక్క అప్పటికే నున్నగా అయిపోయాయి. ఏటేటా చందనం బొట్లు పెట్టిపెట్టి బానెట్ మీద పొక్కిన మూడు మచ్చలు కూడా పోయాయి. మిగిలింది డ్రైవర్ వైపు తలుపొక్కటే. ఏళ్ళ తరబడి ఆదిమూలం మోచెయ్యి ఆనించిన చోట రంగు అరిగి రేకు తేలింది. చుట్టూ పెచ్చులు లేచి ఉన్నాయి.

కాంచన కొంగుతో దుమ్ము తుడవబోయింది. ఒక పెచ్చు రాలి కింద పడింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"రుద్దొద్దక్కా," అని ఎలుమలై తన డబ్బాల్లోంచి అవిసె నూనె తీసి గుడ్డ తడిపిచ్చాడు. "ఒత్తి ఒత్తి తియ్యాల. నూనె తాగినాయంటే పెచ్చులు రేకుకు అతుక్కోని కూర్చుంటాయి."

ఆమె ఒత్తుతూనే ఉంది. మళ్ళీ ఒక్క పెచ్చు కూడా రాలనివ్వలేదు. వీధి మలుపులో ఆటో చప్పుడు వినిపించింది.

ఆదిమూలం దిగాడు. తమ్ముడు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. దేవసేన భుజం మీద చెయ్యేసి నేరుగా బండి దగ్గరికి నడిచి, బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వేళ్ళు అటూ ఇటూ వెతికి ఆగిపోయాయి.

"ఇది నా బండి కాదు."

"అన్నా, పండగని రంగు కొట్టిద్దామని..." నాగలింగం మొదలుపెట్టాడు.

"చాలు లేరా. దేవసేనా, పదమ్మా."

ఆయన వెనక్కి తిరిగాడు. తమ్ముడి భార్య బావగారి చెయ్యి పట్టుకోకూడదు. ఆ ఇంట్లో ఎదురుపడి మాట్లాడటం కూడా లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయనతో చెప్పవలసినవన్నీ కాంచన తలుపు వెనక నిలబడి మొగుడితోనే చెప్పించేది. ఇప్పుడు ఆ మొగుడు నోట మాట లేకుండా కొయ్యబారి ఉన్నాడు.

కాంచన జీపు తలుపు మీద టకటకా కొట్టింది.

"బావా! ఇట్ల రాండి! ఈ తలుపు ముట్టుకోకుండా పోతే నా మింద ఒట్టు!"

ఆదిమూలం ఉలిక్కిపడి నిలిచాడు. చప్పుడు వచ్చిన వైపు మెల్లగా అడుగులేశాడు. వేళ్ళు పెచ్చుల మీద పాకాయి. రేకు తేలిన చోటు తగిలింది. ఆయన పక్కకు తిరిగి అక్కడ మోచెయ్యి ఆనించాడు. అచ్చంగా సరిపోయింది.

మోచెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో రేకు నిమిరాడు.

"కాంచనా," అన్నాడు. ఆమె పేరు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "ఇంత గొంతు పెట్టుకోని, ఇన్నేండ్లు తలుపెనకాల ఏం చేస్తా ఉంటివి తల్లీ?"

కాంచన నవ్వబోయి ఏడ్చింది.

పూజ మొదలైంది. నాగలింగం చందనం గిన్నె పట్టుకొని బానెట్ ముందు తెల్లమొహం వేశాడు. ఏటా మచ్చల మీదే బొట్లు పెట్టేవాడు, ఇప్పుడు మచ్చలు లేవు. ఆదిమూలం తడుముకుంటూ వచ్చి తమ్ముడి వేలు పట్టుకొని చందనంలో ముంచాడు.

"ఇక్కడ్రా," అని నున్నటి రేకు మీద ఒక చోట ఆనించాడు. తర్వాత ఇంకో చోట, ఆ తర్వాత ఇంకో చోట. మూడూ పాత చోట్లే. మూడో బొట్టు పెట్టాక కూడా ఆయన ఆ వేలు వదల్లేదు.