అక్క ఖాతాలో సగం

ధర్మవరంలో హేమావతి పెళ్లి చేసుకోకుండా నాయన దగ్గరే ఉండిపోయింది. ఆయన మంచం పట్టాక మగ్గం తానే ఎక్కింది. చిలమత్తూరులో కాపురముంటున్న అక్క వనజాక్షి ఆ పట్టుచీరల ఫొటోలు ఫోనులో పెట్టి, బెంగళూరు వాళ్లకు అమ్మేది. కొన్నవాళ్ల డబ్బు ఒక ఆన్‌లైన్ ఖాతాలో పడేది. రోజూ సాయంత్రం అందులోంచి సగం అక్క బ్యాంకుకూ, సగం తన బ్యాంకుకూ దానంతట అదే వెళ్లేటట్టు హేమావతే ఏర్పాటు చేసింది.

నాయన పోతూ ఇల్లు హేమావతి పేర రాశాడు. పెద్దకర్మ నాడు, బంధువులందరి ముందూ వనజాక్షి అనేసింది: "ముసలాయప్ప చేత వేలిముద్ర యేపించుకున్యావు." ఆ మాటతో ఇద్దరికీ రాకపోకలు లేకుండా పోయాయి. అమ్మకాలు కూడా హేమావతే చూసుకోసాగింది. బ్యాంకులో పడింది ఖర్చుపెట్టుకునేది. చాలకపోతే ముడిపట్టు ధర పెరిగింది, ఇంతేలే అనుకునేది. ఆ ఏర్పాటు సంగతే ఆమెకు గుర్తులేదు.

రెండో ఏడు ఎండల్లో వనజాక్షి వచ్చి వాకిట్లో నిలబడింది. బాగా చిక్కిపోయింది. హేమావతి మగ్గం దిగి, చాప వేసి, నీళ్లిచ్చింది.

"మీ బావకు మూత్రపిండాలు చెడిపోయినాయి" అంది వనజాక్షి. "వారంవారం హిందూపురం తీసకపోయి రక్తం శుద్ధి చేయించుకొస్తాండా. నీ దుడ్లతోనే హేమా. నేనంత మాటన్యా, నువ్వు ఒక్క చీరలో గూడా నా సగం ఎగ్గొట్టలేదు. ఈ మాట నీకు చెప్పి రాపో అని మీ బావ ఒకటే పోరు." వంగి చెల్లెలి చేతులు పట్టుకోబోయింది.

హేమావతి చేతులు వెనక్కి తీసుకుంది. ఊరుకుంటే సరిపోయేది. కానీ అక్క తన ముందు వంగడం చూడలేకపోయింది.

"నేను పంపలేదక్కా. ఎప్పుడో పెట్టింది, దానంతట అదే పోతాండాది. గుర్తుండుంటే ఆపేసేదాన్నే."

వనజాక్షి మళ్లీ చాప మీద కూర్చుంది.

"అయితే ఇన్నాళ్లూ నన్ను తిట్టుకుంటానే ఉండావా?"

"తిట్టుకుంటానే ఉండా."

వనజాక్షి కొంగు దులుపుకుని లేచింది. హేమావతి ఫోను తీసి, వెతికి వెతికి ఆ ఏర్పాటు కనిపెట్టి, అక్క కళ్లముందే తీసేసింది. వనజాక్షి చూసింది. గడప దాటబోయింది.

"నిలబడక్కా. అదుంటే నేను పంపినట్ల కాదని తీసేసినా" అంది హేమావతి. తన బ్యాంకులోంచి అక్క ఖాతాకు తానే డబ్బు పంపింది. వనజాక్షి చేతిలోని ఫోను మోగింది. "అన్నం తినిపో. ఎండ తగ్గినాక పోదువు."

వనజాక్షి అన్నం తినలేదు కానీ ఎండ తగ్గేదాకా కూర్చుంది. తర్వాత బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి చీర అమ్ముడైనప్పుడల్లా హేమావతి తన చేత్తోనే సగం పంపేది. పంపి, ఫోను చేసి బావ ఎలా ఉన్నాడని అడిగేది. మొదట్లో వనజాక్షి ముక్తసరిగా చెప్పేది. పోనుపోను, హిందూపురం ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏమీ తోచక తానే చేసేది.

వానలు మొదలవకముందే బావ తిప్పేష్ పోయాడు. హేమావతి చిలమత్తూరు వెళ్లి, కర్మలయ్యేదాకా అక్క దగ్గరే ఉంది. బయల్దేరే పొద్దున వనజాక్షి ఆమె సంచీ అందిస్తూ అంది:

"ఇంగ పంపొద్దు. ఆయనే లేకపోయె. నాకు ఊరికే తినేది చాతగాదు."

"ఊరికే ఎవురు తినమన్యారు? ఫొటోలు నాకు సరిగ్గా రావు. కొనేవాళ్లతో మాట్లాడనూ లేను. నువ్వు రా."

వనజాక్షి తల అడ్డంగా ఊపింది. "ఆ ఇంటికి రాను."

"రాకపోతే ఈడ్నుంచే చెయ్యి."

దానికి వనజాక్షి కాదనలేదు. ఆ వారమే, నేరేడుపండు రంగు చీర ఒకటి ఆమె ఫోనులో మాట్లాడి అమ్మింది.