లెక్కలోకి రాని పిల్ల

కోడలికి జనాభా సర్వేలో ఉద్యోగం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఎంతమంది పుట్టారో, ఎవరు ఏ వయసులో పోయారో రాసుకోవాలి. సోమవారం నుంచి పని మొదలు. నోరు తిరగడానికి ఒకసారి ప్రశ్నలన్నీ అడుగుతానంటూ ఆదివారం మధ్యాహ్నం అత్తగారిని వంటింట్లో కూర్చోబెట్టింది.

"ఎంతమందిని కన్నారు అత్తయ్యా?"

"నీ మొగుణ్ణి కన్నాను. చాలదూ?" అందావిడ బఠానీలు ఒలుస్తూ.

కోడలు నవ్వి, తర్వాతి ప్రశ్న కాగితంలో ఉన్నదున్నట్టు చదివింది. "పుట్టి ఒక్క ఏడుపు ఏడ్చి పోయినా సరే, ఇంకెవరైనా ఉన్నారా?"

అత్తగారి చేతులు ఆగాయి. "అలా కూడా అడుగుతారా?"

"అడగాలి. చాలామంది చెప్పరట."

"ఒక పిల్ల," అందావిడ. "మీ ఆయన తర్వాత పుట్టింది. మూడేళ్ళు నిండాయి."

పెళ్ళయి ఆరేళ్ళయినా కోడలు ఈ సంగతి వినడం ఇదే మొదలు. పెన్ను పక్కన పెట్టేసింది.

ఆ ఏడాది వానల్లో పిల్లలిద్దరికీ ఒకేసారి జ్వరం తగిలిందట. ఆస్పత్రి చాలా దూరం. ఉన్నది ఒక సైకిలు.

"ఇద్దర్నీ ఎక్కించుకుని ఆ వానలో తొక్కలేరుగా. మీ మావయ్య వాణ్ణి తీసుకెళ్ళారు. ఆడపిల్లలు గట్టివాళ్ళు, దాన్ని రేపు చూద్దాంలే అన్నారు మా అత్తగారు. నేనూ సరేనన్నాను. తెల్లారేసరికి..." ఆవిడ మళ్ళీ బఠానీలు ఒలవసాగింది.

"అప్పట్లో చాలా ఇళ్ళల్లో అంతేనట అత్తయ్యా. ట్రైనింగులో పట్టిక చూపించారు. ఐదేళ్ళలోపు మగపిల్లలకంటే ఆడపిల్లలే ఎక్కువ పోయేవాళ్ళు. ఇప్పుడది తిరగబడింది. ఇద్దర్నీ ఒకేలా చూసుకుంటే ఆడపిల్లలే ఎక్కువమంది బతుకుతారట."

"అయితే గట్టివాళ్ళన్న మాట నిజమేగా."

"నిజమే."

"అంత గట్టిదైతే, ఒక్క మాత్ర వేసినా బతికేదేమో."

కోడలు పెన్ను తీసి ఆ పిల్లని కాగితం మీద రాసుకుంది. ఇది ఉత్త ప్రాక్టీసు, ఆఫీసుకు పోయే కాగితం కాదని చెప్పడానికి నోరు రాలేదు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకుని అప్పుడు చూశారిద్దరూ. ఆదివారం కూడా మెకానిక్ షెడ్డు తెరిచే మనిషి, అన్నానికి వచ్చాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"ఒక పిల్ల లీలగా గుర్తుంది నాకు," అన్నాడు. "నా చెప్పులేసుకుని వీధంతా తిరిగేది. పక్కింటి పిల్లనుకున్నాను ఇన్నాళ్ళూ."

"పక్కింట్లో పిల్లల్లేర్రా."

గ్రీజు చేతులతోనే కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఆ బరువు నీ నెత్తిన పెట్టినట్టవుతుందని. ఐదేళ్ళవాడివి, నీకేం తెలుసు?"

అతను అడిగాడు, "నన్నేమని పిలిచేది?"

తల్లి మొదట తడబడింది. ముప్పై ఏళ్ళుగా ఎవరి దగ్గరా ఎత్తని మాటలవి. ఒకటి నోటికి వచ్చాక రెండోది వచ్చింది. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ లేవలేదు.