బల్లకు దూరమైనవాడు

మడిలో పేరుకున్న ఉప్పును చెక్కపారతో గట్టు మీదికి లాగుతూ పరంజ్యోతి మళ్ళీ ఆగాడు. నిలబడితే ఊపిరి అందుతుంది, వంగితే అందదు. కాళ్ళు మోకాళ్ళ దాకా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గాని పూడదు. గుండెకు నీరు పట్టిందని, ఇక చేసేదేమీ లేదని నెల్లూరు డాక్టరు చెప్పి పంపాడు. అరికాళ్ళ పగుళ్ళలోకి ఉప్పునీళ్ళు దిగితే మంట పుట్టడం మాత్రం ఏనాడో మానేసింది. బతుకంతా ఉప్పులో నానిన పాదాలు అవి. ఒడ్డున పారేసిన పడవచెక్కల్లా ఉన్నాయి.

"నీడన కూర్చోరాదా అన్నా," అన్నాడు పక్కమడిలో చెంచయ్య. "ఈడ పడితే నిన్ను మోసేదెవరు? ఉప్పుగంప కంటే బరువుంటావు."

పరంజ్యోతి నవ్వి, పార కడిగి గట్టున పెట్టి, కాలువ అవతలున్న మేస్త్రీ ఇంటికి బయలుదేరాడు. తెల్లవారితే ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చే రోజు. ఆ రొట్టె, ద్రాక్షరసం అతని నోట పడి నాలుగేళ్ళయింది. ఈసారి తప్పితే తనకు ఇంకో బల్ల ఉండదని అతనికి తెలుసు.

నాలుగేళ్ళ కిందట, నడివేసవిలో అకాలవాన కొట్టి ఉప్పురాశులు కరిగిపోయాయి. రాశికి తాటాకు కప్పమన్నా పరంజ్యోతి కప్పలేదని మేస్త్రీ ఏసుమణి పైవాళ్ళకు చెప్పాడు. పరంజ్యోతి కప్పాడు. ఆ ఆకును బండికెత్తించి తన వసారాకు నేయించుకున్నది ఏసుమణే. పరంజ్యోతిని ఏడాదిపాటు పనిలోకి రానివ్వలేదు. వాన పడిన వారం ఆదివారమే పరంజ్యోతి చర్చి గుమ్మంలో, నలుగురూ చెప్పులు విప్పుతుండగా, ఏసుమణిని చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అతను కొట్టిన దెబ్బ అదొక్కటే. ఏసుమణి సంఘపెద్ద. చెయ్యెత్తినవాడు క్షమాపణ అడిగి, ఇద్దరూ తన ముందు చేతులు కలిపితేనే బల్ల అన్నాడు పాస్టరు. అబద్ధమాడినవాడు మాత్రం ముందువరసలో కూర్చొని బల్ల తీసుకుంటూనే ఉన్నాడు. దెబ్బకు సాక్షులుంటారు, అబద్ధానికి ఎవరుంటారు?

నాలుగేళ్ళూ పరంజ్యోతి గుమ్మం పక్కనే కూర్చున్నాడు. సంఘమంతా ప్రభువు ప్రార్థన చెబుతూ, మాకు కీడు చేసినవాళ్ళను క్షమిస్తున్నామనే మాట దగ్గరికి రాగానే నోరు మూసుకునేవాడు. మనసులో లేనిది దేవుడి దగ్గర ఎట్లా అనేది?

ఏసుమణి వసారాలో కుర్చీ వేసుకొని ఉన్నాడు.

"ఏందిరా, దారి తప్పినావా?"

పరంజ్యోతి నేల మీద కూలబడ్డాడు. "మేస్త్రన్నా, కొట్టింది తప్పు. నీ మీద నాకేమీ లేదు. నువ్వూ మనసులో పెట్టుకోబాక. రేపు పాస్టరయ్యగారి ముందు చెయ్యి కలుపు." వంగి కాళ్ళు పట్టుకున్నాడు.

ఏసుమణి కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. "ఎందుకు కలపను? కలుపుతా. అయితే అయ్యగారి ముందు ఇంకో మాట గూడా చెప్పాల. ఆకు కప్పలేదు, నా బద్ధకం అని. ఈనాటికీ నన్ను ఆకుదొంగ అంటుండారు."

"కప్పినాను గదన్నా."

"అది నీకూ నాకూ తెలుసు. నీకు బల్ల గావాల్నా, తాటాకు గావాల్నా?"

పరంజ్యోతి పట్టుకున్న కాళ్ళు వదిలేశాడు.

"ఇంకేమన్నా అడుగన్నా. అబద్ధం చెప్పిన నోటితో బల్ల ఎట్లా తీసుకునేది?"

"అయితే ఆ గుమ్మంలోనే కూర్చో," అని ఏసుమణి లోపలికి వెళ్ళాడు.

సంగతి విని పెళ్ళాం నవోమి నెత్తి కొట్టుకుంది. "ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయె? దేవుడేమన్నా తాటాకులు లెక్కబెట్టుకుంటా కూర్చున్నాడా?"

"తెలీదు మే. దారి పొడుగునా ఆయన్నే అడిగినాను. ఏమీ చెప్పలా."

దీపం పెట్టాక ఇద్దరూ ప్రార్థన చెప్పుకున్నారు. క్షమించే మాట దగ్గర ఈసారి అతను నోరు మూయలేదు. ఏసుమణి పేరు కూడా కలిపి అన్నాడు. నవోమి తలెత్తి చూసింది. అన్నందుకు గుండె మీద బరువేమీ దిగలేదు. ఊపిరి అంతే కష్టంగా ఆడింది.

తెల్లవారి గంట మోగింది. లేవబోయి లేవలేకపోయాడు. "నువ్వు పో మే. ఇద్దరం మానుకుంటే ఎట్లా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నవోమి వెళ్ళింది. రొట్టె పళ్ళెం వరసల్లో తిప్పింది ఏసుమణే. ఆమె తన ముక్క తీసుకొని, నోట్లో వేసుకున్నట్టు చేసి కొంగున ముడేసుకుంది. అట్లాంటి పని ఆమె ముందెన్నడూ చేయలేదు. ఆఖరి పాట అయ్యేదాకా ఆగకుండా ఇసకలో పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది.

"లెయ్యి. ఎవురికీ తెలీదు. నోరు తెరువు," అంటూ భుజం పట్టి తిప్పింది. పరంజ్యోతి భుజం చల్లగా ఉంది.

బల్లకు దూరమైనవాడికి చర్చిలో చావుగంట కొట్టడం కుదరదని సంఘపెద్దలు కబురు చేశారు. పొద్దువాలేలోగా చప్పుడు లేకుండానే మోసుకెళ్ళారు. ఖాళీ నులకమంచం పట్టె మీద, నవోమి పెట్టినచోటనే, గోరంత రొట్టెముక్క ఎండిపోయి ఉంది. దానికి చీమలు పట్టాయి.