పై పిన్ను, కింది పిన్ను

కోడలు బ్రేకు తొక్కిందంటే వీధి మధ్య పడుకున్న కుక్క కూడా లేచి దారి ఇచ్చేది. అంత కీచు ఆ కారుకి. ఆమె ఇంటింటికీ తిరిగి మోకాళ్ల నొప్పుల వాళ్లతో వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు. ఆమె గంట నొక్కక ముందే రోగులు తలుపు తీసేవారు. కీచు సంగతి సరే, వారం నుంచి ఇంకో తంటా మొదలైంది. బ్రేకు వదిలేసినా ముందు ఎడమ చక్రం వదలడం లేదు. బండి ఈడ్చుకుంటూ నడుస్తోంది, కాలిన వాసన వస్తోంది.

ఇంట్లో మావగారు ఉండగా దీనికి దిగులెందుకు? ఆయన ముప్పై రెండేళ్లు బస్సు డిపోలో బ్రేకులు చూసిన మనిషి. కానీ రెండేళ్లుగా ఆయన కుడి చెయ్యి సన్నగా వణుకుతోంది. అందుకే ఊళ్లో లేని మొగుడు ఫోనులో గట్టిగా చెప్పాడు.

"ఈసారి షాపుకే తీసుకెళ్లు. నాన్న చేతులు ఇదివరకటిలా లేవు. బ్రేకంటే ఆటలు కాదు."

ఫోను వంటింటి గట్టు మీద స్పీకర్లో ఉంది. మంచినీళ్లకి వచ్చిన మావగారు గుమ్మంలోనే ఉన్నారు. కోడలు గబుక్కున స్పీకరు ఆపేసింది. ఆయన నింపాదిగా నీళ్లు తాగి గ్లాసు బోర్లించారు.

"వాడన్నదాంట్లో తప్పేం లేదమ్మా. ఈ ఒక్కసారి నన్ను చూడనీ. కుదరకపోతే నా పానాల పెట్టె అటకెక్కించేస్తాను. మళ్లీ దించమని అడిగితే చూడు."

కోడలి ప్రాణం ఉసూరుమంది. తన తండ్రి తర్వాత తనని పేరు పెట్టి కాకుండా "అమ్మా" అని పిలిచింది ఈయనొక్కరే. కాదనలేకపోయింది. అలాగని భయం లేకపోలేదు, రోజూ ఆ బండి తోలాల్సింది తనే కదా.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలైంది. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీతో ముందు భాగం లేపి, కింద స్టాండ్లు పెట్టారు. అరుగు మీద పాత తువ్వాలు పరిచారు. విప్పిన ప్రతి వస్తువూ విప్పిన వరసలోనే దాని మీదకి చేరాలి. పైది పైన, కిందిది కింద. ఆ తువ్వాలు జోలికి వెళ్లే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. దాని పక్కనే అత్తగారు పళ్లెం ముందేసుకుని పిండి పిసుకుతూ కూర్చుంది. సహాయానికి కాదు, అజమాయిషీకి.

"ఆ నల్ల మడ్డి నా అరుగు మీద పడిందో, ఊరుకునేది లేదు!"

"పడితే నువ్వే తుడుద్దువుగానీలే" అన్నారు ఆయన.

చక్రం ఊడింది. ప్యాడ్లని నొక్కి పట్టే క్యాలిపర్‌ని విప్పి, బ్రేకు ఆయిలు గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడదీశారు. కోడలు ప్యాడ్ల అంచులు గరుకు కాగితంతో రుద్దింది, అవి కూర్చునే గాడి ఇనుప బ్రష్షుతో గీకింది. గ్రీజు ప్యాడ్ల వీపుకే, డిస్కుని రాసుకునే వైపు చుక్క కూడా తగలకూడదని ఆయన మూడుసార్లు చెప్పారు. క్యాలిపర్ జారేది రెండు పిన్నుల మీద, పైదొకటి, కొసన రబ్బరున్న కిందిదొకటి. ఎండిపోయి పట్టేసింది అవే. ఆయన వాటిని తుడుస్తుంటే ఒకటి వేళ్లలోంచి జారి కారు కిందకి దొర్లింది. వంగి తీసి, మళ్లీ తుడిచి, రెంటికీ గ్రీజు పట్టించి తువ్వాలు మీద పెట్టారు. బిగించేటప్పుడు పిన్ను కాస్త మొరాయించింది.

"నా చేతుల్లో సత్తువ పోయిందమ్మా, నువ్వు తొయ్యి" అన్నారు. కోడలు తోసింది. వెళ్లింది.

చక్రం బిగించాక, బ్రేకు పెడలు గట్టిపడేదాకా పదిసార్లు తొక్కించి, అప్పుడు బండి కదపమన్నారు. కోడలు వీధి చివరిదాకా మెల్లగా నాలుగుసార్లు తిరిగి వచ్చింది. కీచు మాయం! కుక్క లేవనే లేదు. ఆమె నవ్వుతూ దిగేసరికి, మావగారు ఎడమ చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తున్నారు.

"సెగ కొడుతోందమ్మా. ఇంకా పట్టేస్తోంది."

ఆ ముఖం చూడలేకపోయింది కోడలు. ఆయన పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. ఆఖరి పానా చేతిలోకి తీసుకుంటుండగా అరుగు మీద నుంచి కేక వినబడింది.

"అయ్యో, నా మతి మండా! ఏమండీ, ఆ పిన్నులు నేనే ముట్టుకున్నానండీ! గ్రీజు రాసి పెట్టాక వంకరగా ఉన్నాయని సరిచేశాను. రబ్బరున్నది కిందకే వెళ్లాలని మీరు చెబుతుంటారే, అవి అటూ ఇటూ అయ్యాయేమో!"

ఆయన పానా పట్టుకుని ఆగిపోయారు. తర్వాత అందుకున్నారు చూడండి! ముప్పై రెండేళ్ల సర్వీసులో డిపోలో ఒక్కడు తన తువ్వాలు ముట్టుకోలేదని, ఇంట్లో మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పోయిందని, వాకిలి దద్దరిల్లేలా తిట్టారు. అత్తగారు తలొంచుకుని బుద్ధిగా అన్నీ తిన్నది. ఎన్నడూ మాట పడని మనిషి! కోడలు కళ్లప్పగించి చూసింది.

మళ్లీ జాకీ, మళ్లీ చక్రం. ఈసారి ఆయన స్టూలు మీద కూర్చుని, పని కోడలికి చెప్పారు. నిజంగానే పిన్నులు తారుమారయ్యాయి. రబ్బరున్నది కింద పెట్టగానే వేలితో తోస్తే జారింది. మళ్లీ తిరిగి వచ్చి చూస్తే చక్రం చల్లగా ఉంది.

అత్తగారు పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. మావగారు గొంతు తగ్గించారు.

"మీ అత్తయ్య వాటిని ముట్టుకోలేదమ్మా."

"మీకెలా తెలుసు మావయ్యా?"

"పొద్దున్నించీ ఆవిడవి పిండి చేతులు. ముట్టుకుంటే గ్రీజు మీద తెల్లగా అంటుకోదూ? ఒకటి జారిందే, అప్పుడు నేనే తారుమారు చేశాను. పైగా బిగుసుకుంటే పిన్నుని చూడకుండా నా సత్తువని అనుమానించాను."

"మరి అంతలా తిట్టారేంటి పాపం!"

"తిట్టకపోతే, నేను నమ్మలేదని తెలిసిపోదూ?"

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లూ తిరిగాయి. ఆయన పానాల పెట్టె మూత వేసి, కాలితో ఆమె వైపు జరిపారు.

"దీన్ని నీ డిక్కీలో పెట్టుకో. వాడికి ఫోను చేసి చెప్పు, బ్రేకులు నువ్వే చేశావని. అబద్ధం కూడా కాదు. ఇకనించి చేతులు నీవి, నోరు నాది."

"నోరెప్పుడూ మీదేగా!" అంది లోపల్నించి అత్తగారు.