ఫ్రిజ్జు ప్లగ్గు

సూపర్‌వైజరు క్యాంటీన్ ఫ్రిజ్జు ప్లగ్గు పీకి, అదే బోర్డులో మేనేజరు గది కూలరు వైరు గుచ్చడం కాలరమ్మ కళ్లారా చూసింది.

నిజం చెప్పొద్దూ, ఆమె అక్కడికి పోయింది గుండీలమ్మ సీసా ఎంత నిండిందో దొంగచూపు చూడ్డానికి. ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఈమె కాలర్లు కుడుతుంది, ఆమె గుండీలు. ఇద్దరూ చంటిబిడ్డల తల్లులే. పాలు పిండి ఫ్రిజ్జులో పెట్టి, సాయంత్రం ఇంటికి పట్టుకుపోతారు. గుండీలమ్మ సీసా మెడదాకా. కాలరమ్మది అడుగున నాలుగు చుక్కలు. గుండీలమ్మ కొడుకు ఐదు నెలలకే గుమ్మడికాయలా ఉన్నాడు. కాలరమ్మ కూతురు నెల తక్కువ పుట్టి, ఇరవై ఆరు రోజులకే ఆసుపత్రి అద్దాలపెట్టెలో ఉంది. మానేస్తే మిషను ఇంకొకరికి ఇస్తామన్నారని తల్లి పనిలో ఉంది.

నిలవ పాలల్లో క్రిములు పెరిగి రక్తంలోకి ఎక్కాయని డాక్టరమ్మ చెప్పింది. చేతులు కడిగావా, సీసా మరగబెట్టావా అని అడిగింది. అన్నీ చేసింది. మరి దాని కొడుక్కి రానిది నా పిల్లకే ఎందుకని కాలరమ్మకు నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు. పసిగుడ్డు, బరువు తక్కువ, తట్టుకోలేదమ్మా అని డాక్టరమ్మ అన్నది చెవికెక్కితేగా.

నెలరోజులుగా ఇదే వరస అని క్యాంటీన్‌లో అంట్లు తోమే ముసలమ్మ గొణిగింది. పదింటికి పీకి నాలుగింటికి పెడతాడట. ఆరు గంటలు రేకుల షెడ్డు ఉక్కలో మగ్గిన పాలు ఇంటికెళ్లే వేళకు మళ్లీ చల్లబడి, ఏమీ ఎరగనట్టు చేతికొస్తాయి. చల్లబడితే క్రిములు చస్తాయా?

కాలరమ్మ వచ్చి మిషను ముందు కూర్చుంది. తాగనీ దాని కొడుకునీ, ఒక్కసారి ఆ బుగ్గలు వాడనీ అంది మనసు. మూడు కాలర్లు వంకరపోయాయి. నాలుగోది కుట్టలేక లేచింది.

"నీ సీసా పారబోయవే."

"నీది నిండలేదని నాది పారబోయాలా?" అంది గుండీలమ్మ.

"కుళ్ళుతోనే నీ సీసా చూడబోయా, కాదనను. ప్లగ్గు పీకేశారే. నా పిల్ల తాగింది ఆ పాలే."

గుండీలమ్మ మిషను ఆగింది. పక్కది ఆగింది. లైనంతా ఆగింది. అరవై మంది క్యాంటీన్‌లోకి నడిచారు. ఆవులకు కూడా ఇన్ని రాజభోగాలు లేవన్నాడు సూపర్‌వైజరు. ఆర్డరు పోవాలి, రేపు మాట్లాడదామని ఇస్త్రీవాళ్లు నసిగారు. చొక్కాలు మడతపెట్టే పెద్దామె ఒక్కటే అంది:

"అయితే రేపటిదాకా మేనేజరును ఉడకమను నాయనా."

గుండీలమ్మ కూలరు వైరు పీకి ఫ్రిజ్జుది గుచ్చింది. బోర్డుకు వీపు ఆనించి నేల మీద కూలబడింది.

మేనేజరు పిలిస్తే పోలీసులొచ్చి ఎవరు మొదలుపెట్టారని అడిగితే కాలరమ్మ ముందుకొచ్చింది. వ్యాను ఎక్కుతుంటే గుండీలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఆసుపత్రికి నే పోతాలే. డాక్టరమ్మ సరేనంటే నా పాలు పట్టిస్తా."

కాలరమ్మ తలూపింది. అప్పుడూ ఆ కుళ్ళు పోలేదు. అయినా తలూపింది.

లోపల గుండీలమ్మ లేచిన చోట పెద్దామె కూర్చుంది. ఫ్రిజ్జు గుర్రుమంటూనే ఉంది. మిషను మాత్రం ఒక్కటీ కదల్లేదు.